ఆకాశానికి బ్యారేజీ

నెల్లూరు వాళ్లకు బ్యారేజీ అంటే పెన్న మీద సంగం దగ్గరున్నది గుర్తొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అదే పేరుతో ఆకాశానికీ అడ్డుకట్ట కట్టారు, బెలూన్లతో.

వెంకటాచలం స్టేషన్ మీదుగా ఉత్తరానికి పోయే రైలు పట్టాల వెంబడి ఉన్న మన తీరానికి యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ పట్టాల అటు కొస, కలకత్తా మీద, బ్యారేజీ బెలూన్లు ఎగిరాయి.

బ్రిటిష్ బెలూన్ పొడవు 62 అడుగులు, లావు 25. రబ్బరు పూసిన నూలుగుడ్డ సంచీ, లోపల హైడ్రోజన్. పొట్ట అడుగున మామూలు గాలికి వేరే అర. పైకి పోయేకొద్దీ హైడ్రోజన్ ఉబ్బి ఆ గాలిని బయటికి నెడుతుంది. దిగేటప్పుడు ఎదురుగాలే మళ్లీ ఆ అర నింపుతుంది. తోక దగ్గర మూడు రెక్కలు. లారీ మీది వించ్ యంత్రం ఉక్కుతీగ వదిలితే 5,000 అడుగుల దాకా లేచేది.

అసలు ఆయుధం ఆ తీగే. పతంగుల పోటీలో కోసేది పతంగి కాదుగదా, మాంజా! విమానం రెక్క తగలగానే తీగ పైనా కిందా చిన్న మందుగుండు పేలి తెగేది. రెక్కకు చిక్కుకున్న ముక్కకు రెండు కొసలా పారాచూట్లు విచ్చుకునేవి. వెనక నుంచి ఎవరో జుట్టు పట్టి గుంజినట్టు విమానం వేగం చచ్చి కూలేది. అలా కూలినవి తక్కువే. ఆ భయంతో బాంబర్లు ఎత్తున పోయేవి, గురి తప్పేది. అదే కావలసింది. 1944లో పైలట్ లేని జర్మన్ వి-1 బాంబులు మాత్రం 200 పైచిలుకు ఈ తీగలకు చిక్కాయి.

బెలూన్‌కు విమానం కన్నా గాలివానే పెద్ద శత్రువు. 1940 సెప్టెంబరులో ఓ రాత్రి తెగిపోయిన బెలూన్లు స్వీడన్ దాకా కొట్టుకుపోయి, వేలాడే తీగలతో అక్కడి కరెంటు లైన్లను పాడుచేశాయి. బ్రిటిష్ వాళ్లు గొప్పవాళ్లు, ఆ నష్టంలోనే ఉపాయం వెతుక్కున్నారు: 1942 నుంచి తీగలూ నిప్పు సరంజామా కట్టి, దాదాపు 99,000 చిన్న బెలూన్లను కావాలనే జర్మనీ వైపు గాలికొదిలారు. 1942 జులైలోనే ఒక తీగ లైప్‌జిగ్ దగ్గర హైటెన్షన్ లైనుకు తగిలితే బోలెన్ విద్యుత్కేంద్రం కాలిపోయింది.

ఇప్పుడు ఆగ్రాలోని డీఆర్‌డీవో ప్రయోగశాల తయారుచేసిన ఆకాశ్‌దీప్ అనే బెలూన్‌లో హీలియం నింపుతారు. అది తీగతో అడ్డం కట్టదు, కెమెరాలతో కాపలా కాస్తుంది. అయినా గాలివాన వస్తోందంటే దాన్నీ కిందికి దించి కట్టెయ్యాల్సిందే.