చెరువు చేపతో చల్లని ముద్ద

నిజామాబాదు జిల్లాకు సముద్రము లేదు గాని చేపలకు కొదువ లేదు. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు, గోదావరిపై పోచంపాడు వద్దనున్న శ్రీరాంసాగరు, ఊరూరి చెరువులు మనకు బొచ్చెను, రవ్వను, కొర్రమట్టను ఇచ్చుచున్నవి. బోధనులో చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినను, ఆ సీమకు చెరకును తెచ్చిన కాలువలు, చెరువులు ఉన్నవి. వేసవిలో చెరువులు పట్టునపుడు చేప ఒక్కసారిగా వచ్చిపడును. దినదినము పులుసే తిని విసిగినవారు జొన్నరొట్టెపై పూసికొని తినుటకు చల్లని చేప ముద్దను చేసికొనవచ్చును. పైరులను గూర్చి బోధించువానికి వంటతో పనియేమని మీరడుగవచ్చును. ఇందులో వంటకంటె శుభ్రత పాలు ఎక్కువ, అందుకే వ్రాయుచున్నాను.

కొర్రమట్టలో సన్నముళ్ళు తక్కువ గనుక అది శ్రేష్ఠము, అయితే ధర హెచ్చు. బొచ్చె, రవ్వలలో తోకవైపు ముళ్ళు దట్టము. ఆ ముక్కలను పులుసుకు ఉంచుడు. అరకిలో కండకు పావుచెంచా పసుపు, తగినంత ఉప్పు పట్టించి ఆవిరిపై 15 నిమిషములు ఉడికించవలెను. కండ తెల్లబడి పొరలుగా విడిపోయిన ఉడికినట్లు. వెడల్పు పళ్ళెములో పలుచగా పరచి ఆరనిచ్చి, వ్రేళ్ళతో తడుముచు ముళ్ళు తీయవలెను. ఈ పని తొందరపడి చేయదగినది కాదు, పిల్లలు తిందురు.

గుడ్డలో మూటగట్టి నీరు కార్చిన గట్టి పెరుగు 150 గ్రాములు, నూరిన వెల్లుల్లి 4 రెబ్బలు, పచ్చిమిర్చి 2, మిరియాల పొడి, కొత్తిమీర చేర్చి మెత్తగా మెదిపి, ఒక నిమ్మపండు రసము పిండవలెను. వెన్న బదులు పెరుగు గనుక క్రొవ్వు తగ్గును. ఉల్లిపాయ నీరు విడుచును, తినబోవునపుడే కలుపుడు. చేప, పెరుగు కలిసిన బొల్లి వచ్చునని పెద్దలందురు; దీనికి శాస్త్రాధారము లేదు. అయినను మనసొప్పనివారు వేయించి నూరిన నువ్వుల ముద్ద వాడవచ్చును, రుచి ఇంకను బాగుండును.

ఇక అసలు సంగతి. చెరకు కోతల దినములలో ఆకు అంచులు కోసి చేతులపై గాయములుండును. చీముపట్టిన గాయములో నుండు సూక్ష్మజీవులు ఉడికిన చేపలో చేరి విషమును పుట్టించును. మరల కాచినను ఆ విషము పోదు. గాయమున్న చేతితో ముళ్ళు తీయరాదు, ఇంట మరియొకరు తీయవలెను. పచ్చిచేప కోసిన పీటను, కత్తిని సబ్బుతో కడుగక ఉడికిన చేపకు తాకించరాదు.

ముద్దను 5 డిగ్రీల సెల్సియసుకు మించని ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచి మరునాటికి ముగించవలెను. మన ఎండలలో గంటకు మించి బయట ఉంచరాదు. నీటికుండ చలువ దీనికి చాలదు. నిమ్మరసము పులుపే గాని రక్షణ కాదు. కరెంటు చాలసేపు పోయి గిన్నె వెచ్చబడినచో రుచి చూడక పారవేయుడు. చలిలోను పెరుగు సూక్ష్మజీవులు కొన్ని గలవు గనుక గర్భిణీలకు నిలవ ముద్ద పెట్టరాదు, అప్పుడే చేసినది పెట్టుడు.

మిగిలిన తల పులుసుకు పనికివచ్చును. పొలుసు, ప్రేగులు, ముళ్ళు ఎరువుగుంటలో వేసి జానెడు మన్ను కప్పుడు. వానిలో నత్రజని, భాస్వరము గలవు. మన్ను పలుచనైనచో కుక్కలు త్రవ్వును.