వేగము – వెంబడింపు

నర్సీపట్నము మన్యమునకు ముఖద్వారము. తుని నుండియు, తాళ్లపాలెము నుండియు, చోడవరము నుండియు వచ్చు దారులు ఇచ్చట కలియుచున్నవి. ఇచ్చటి నుండి యొక దారి కొండల నెక్కి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవుచున్నది. మన్యప్రజలచే చాలీచాలని కూలికి రోడ్డుపనులు చేయించిన గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను దౌర్జన్యము 1922 నాటి తిరుగుబాటునకు గల కారణములలో నొకటి యని చదువరు లెరుగుదురు. అట్లు వేయబడిన బాటలపై నేడు ఎడ్లబండి అరుదు, మోటారు సైకిలు సర్వసామాన్యము. రైతు పొలమునకు దానిపైననే పోవును. విద్యార్థి కళాశాలకును, వర్తకుడు సంతకును దానిపైననే. శీతకాలము వచ్చినంతనే లంబసింగి మంచును చూడగోరి యువకులు తెల్లవారకమునుపే గుంపులు గుంపులుగా కొండ నెక్కుచున్నారు.

ఈ దారినే గంజాయియు దిగుచున్నది. ఇందు దాచవలసిన దేమియు లేదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. కావున దారి పొడవునను పోలీసులు నిలిచి బండ్లను సోదా చేయుట తప్పనిసరి యైనది. పోలీసువాడు చేయి చాపును. మోటారు సైకిలు ఆగదు. ఒక్క క్షణము తటపటాయించి, గేరు మార్చి, దూసికొనిపోవును. ఆ క్షణము తరువాత ఏమి జరుగవలెను? ఆ విషయమునే నేడు చదువరుల ముందుంచుచున్నాము.

మొదట పారిపోవువా డెవడో తెలిసికొనవలెను. ఆగక పోయిన ప్రతివాడును గంజాయి మోయువాడు కాడు. శిరస్త్రాణము ఇంట మరచినవాడు, లైసెన్సు లేనివాడు, ముగ్గురిని ఎక్కించుకొన్నవాడు, తండ్రికి తెలియకుండ బండి తెచ్చిన పదునారేండ్ల కుర్రవాడు, ఇట్టివారే పారిపోవుట చూచుచున్నాము. వీరి నేరమునకు వెల యెంత? మోటారు వాహనముల చట్టము ప్రకారము హెల్మెటు లేనివానికి 1,000 రూపాయల జుల్మానా, 3 నెలలు లైసెన్సు రద్దు. వేయి రూపాయలకు జంకి ప్రాణము నొడ్డుట బుద్ధిమంతుల పని కాదని వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ కుర్రవానికి ఆ క్షణమున కనబడునది వేయి రూపాయలు కాదు, తండ్రి ముఖము. యూనిఫారములోనున్న పోలీసు అధికారి ఆపుమన్నచో బండి నాపి తీరవలెను. ఆగకపోవుట నేరమే. అందు మాకు సందేహము లేదు. ఆ నేరమునకు శిక్ష నడిరోడ్డున వేయదగునా యన్నదే ప్రశ్న.

2018 మార్చి 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపమున తువ్వాకుడి వద్ద దంపతు లిద్దరు మోటారు సైకిలుపై పోవుచుండిరి. భర్తకు హెల్మెటు లేదు, ఆగలేదు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు మరియొక మోటారు సైకిలుపై వెంబడించి బండిని కాలితో తన్నెనని అభియోగము. ఇద్దరును పడిరి, భార్య మరణించెను. ఆ రాత్రి వేలకొలది జనులు రహదారిపై బైఠాయించిరి, ఇన్‌స్పెక్టరు నిర్బంధింపబడెను. మరుసటి యేడు నవంబరులో కేరళ హైకోర్టు, హెల్మెటు లేని వారిని పోలీసులు తరిమి పట్టరాదనియు, కెమెరాలతో బండి నంబరు గ్రహించి చర్య తీసికొనవలెననియు స్పష్టముగ చెప్పినది. ఆ తీర్పు వెలువడిన కొలది దినములకే కొల్లము జిల్లా కడక్కల్‌లో ఆగని యువకునిపై ఒక పోలీసు లాఠీ విసరుటయు, ఆ యువకుడు ఎదురుగా వచ్చు కారును ఢీకొని తీవ్రముగ గాయపడుటయు జరిగినది. న్యాయస్థానము మాట పత్రికలలో పడుటకును పోలీసు చేతి వరకు చేరుటకును నడుమ ఎంత దూరమో దీనివలన తెలియుచున్నది.

ఇది మన దేశమున మాత్రమే యున్న చిక్కు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా యందలి సాక్రమెంటో వద్ద 1990 మే నెలలో 18 ఏండ్ల యువకుడు మోటారు సైకిలు నడుపుచుండగా, పోలీసులు ఆపుమనిరి, అతడు ఆగలేదు. వెంబడింపు జరిగినది 75 సెకనులు. రెండు కిలోమీటర్లు. వేగము గంటకు 160 కిలోమీటర్ల దాక పోయినది. మలుపులో బండి పడినది. వెనుక వచ్చు పోలీసు కారు ఆగలేక, వెనుక కూర్చున్న 16 ఏండ్ల బాలునిపైకి పోగా అతడు మరణించెను. ఆ బాలుడు బండి నడుపనైన లేదు. వ్యాజ్యము దేశపు సుప్రీముకోర్టు దాక పోగా, హాని చేయవలెనను తలంపు లేనందున రాజ్యాంగము క్రింద పోలీసు బాధ్యుడు కాడని 1998లో తీర్పు వచ్చినది. లండను పోలీసులు వేరు తోవ త్రొక్కిరి. మోపెడులపై తిరిగి దారిదోపిడులు చేయువారిని, శిక్షణ పొందిన డ్రైవర్లు కారుతో తాకి పడద్రోయుచున్నారని 2018లో బహిరంగముగనే ప్రకటించిరి. చట్టము దేనిని శిక్షింపదో యది యెల్ల వివేకమే యగునని మేము ఒప్పుకొనజాలము.

మా యభిప్రాయము దాపరికము లేక చెప్పెదము. గంజాయి మూటలతో పోవువానిని విడిచిపెట్టుమని మేము కోరము. 2021 అక్టోబరులో లంబసింగి ఘాటులో నల్లగొండ పోలీసులు గంజాయి రవాణాదారులపై కాల్పులు జరుపగా ఇద్దరు గాయపడిరి. వ్యవహార మెంత తీవ్రమైనదో దీనివలన తెలియును. కాని దొంగను పట్టుటకును నర్సీపట్నము బజారులో వాని వెంట పరుగెత్తుటకును భేదము కలదు. కూరగాయల బండ్లు, బడి విడిచిన పిల్లలు, బస్సు కొరకు నిలిచిన ముసలివారు గల వీధిలో మొదటి బండి ఒకరిని, రెండవ బండి మరియొకరిని కొట్టునేగాని దొంగ మాత్రము సురక్షితముగ జారుకొనవచ్చును. పోలీసు చేతిలో వైర్‌లెస్ కలదు. కొండదారికి అడ్డదారులు మైదానమున నున్నన్ని లేవు. ముందున్న తనిఖీ కేంద్రమునకు ఒక్క మాట చేరవేసిన చాలును. ఇక హెల్మెటు లేనివాని విషయమున అంతయు నక్కరలేదు. వాని నంబరు బండి వెనుకనే వ్రాసియున్నది. రేపు వాని యింటికి పోయి జుల్మానా వసూలు చేయవచ్చును.

తనిఖీ చేయు స్థలము సంగతియు ఆలోచింపదగినది. మలుపు దాటినంతనే, చెట్టు చాటున, చీకటిలో నిలిచి యకస్మాత్తుగ రోడ్డునకు అడ్డము వచ్చు పోలీసును చూచి నిర్దోషియు బెదరును. తిన్నని దారిలో, దీపముల వెలుగున, నూరు మీటర్ల దూరము నుండియే కనబడునట్లు బారికేడ్లు నిలిపినచో, ఆగదలచినవాడు ఆగుటకు వ్యవధి దొరకును. వ్యవధి అవసరము లెక్కకు తెలియును. పొడిరోడ్డుపై మంచి బ్రేకులతో, ఒక సెకను ఆలోచనకు పోగా, గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆగుటకు సుమారు 22 మీటర్లు పట్టును. 60 వేగమున 40 మీటర్లు. 80 వేగమున 65 మీటర్లు. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాత పోవు దూరము నాలుగింత లగును. వెంబడింపబడువాడు పోలీసు వచ్చుచున్నాడా యని ఒక్క సెకను వెనుకకు తిరిగి చూచినచో, 80 వేగమున బండి 22 మీటర్లు గ్రుడ్డిగా పోవును.

వెంబడింపు లేనినాడును ప్రమాదము లేకపోలేదు. 1981లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు లాస్ ఏంజెలెస్‌లో 900 మోటారు సైకిలు ప్రమాదములను స్థలమునకు పోయి పరిశీలించి ప్రకటించిన నివేదిక నేటికిని చదువదగినది. ఇందు నాలుగింట మూడు వంతులు మరియొక వాహనముతో ఢీకొన్నవి. వీనిలో మూడింట రెండు వంతులలో తప్పు రెండవ వాహనమువానిది: ఎదురుగా వచ్చు మోటారు సైకిలును చూడకనే అడ్డము తిరిగినాడు. ప్రమాదమునకు ముందటి వేగము చాల బండ్లకు గంటకు 50 కిలోమీటర్ల లోపే. తప్పించుకొనుటకు దొరకిన వ్యవధి రెండు సెకనుల కంటె తక్కువ. ఆ రెండు సెకనులలో చోదకులు వెనుక బ్రేకును మితిమీరి త్రొక్కిరి, ముందు బ్రేకును చాలినంత వాడలేదు. మన పల్లెలలోను ఇదే యలవాటు. ముందు బ్రేకు పట్టిన బండి తలక్రిందగునను భయము పెద్దలు పిల్లలకు నేర్పుచున్నారు. నిజమునకు బండి నాపు శక్తిలో ఎక్కువ భాగము ముందుచక్రముననే యున్నది. రెంటిని కలిపి, క్రమముగ బిగించుట ఖాళీ స్థలమున నేర్చుకొనవలసిన విద్య. బజారులో బస్సు వెనుకనుండి దాటునపుడు, ఆటో డ్రైవరు మనలను చూడలేదనియే తలచి, వ్రేళ్లు బ్రేకుపై నుంచి పోవుట మేలు.

హెల్మెటు విషయమున ఒక పూర్వవృత్తాంతము చెప్పదగియున్నది. 1935 మే నెలలో, అరబ్బు దేశముల పోరాటములో ప్రసిద్ధుడైన కర్నల్ లారెన్సు ఇంగ్లండులో మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్లపై వచ్చు ఇద్దరు బాలురను తప్పింపబోయి పడెను. తలకు దెబ్బ తగిలి ఆరు దినములు స్పృహ లేక మరణించెను. అతనికి చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు కలడు. ఆ మరణమును మరువలేక ఆయన సైన్యమున వార్తలు మోయు మోటారు సైకిలువారి తలగాయములను పరిశీలించి 1941లో వ్యాసము ప్రకటించెను. ఆ యేటనే ఆంగ్లసైన్యము వారికి హెల్మెటును విధించెను. సామాన్యజనులకు ఆ దేశమున చట్టము వచ్చునప్పటికి 1973. ఆ నడుమ గతించిన ప్రాణముల లెక్క యెవరు వ్రాసిరి? హెల్మెటు మరణభయమును నూటికి 42 పాళ్లును, తలగాయమును 69 పాళ్లును తగ్గించునని పలు పరిశోధనల సమీక్ష 2008లో తేల్చినది. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములవారు; హెల్మెటు లేక మరణించినవారు 50,029. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెటును మోచేతికి తగిలించుకొని పోలీసు కనబడినపుడు తలకెక్కించు వేడుక మన పట్టణములలో నిత్యమును చూచుచున్నాము. మోచేతికి మెదడు లేదు గదా!

చదువరులలో భూవసతి గలవారు పలువురు. కుమారుడు ఇంటరు పరీక్షలో నెగ్గినంతనే బండి కొనియిచ్చుట నేడు లాంఛన మైపోయినది. మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో, యజమానికో 3 ఏండ్ల దాక శిక్షయు, 25,000 రూపాయల జుల్మానాయు పడుననియు, ఆ బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దగుననియు 2019 సవరణలో చేర్చిరి. ఈ సంగతి ఎన్ని యిండ్లలో తెలియునో! బండి కొనినవారే కుమారునికి, ఆపిన చోట ఆగుము, జుల్మానా నేను కట్టెదనని ఒక మాట చెప్పియుంచినచో సగము వెంబడింపులు పుట్టనే పుట్టవు. ఆ మాట చెప్పుటకు తండ్రులకు అభిమాన మడ్డు వచ్చుచున్నది.

వారివల్లనే కావలసిన పని మరియొకటి కలదు. చెరకు కోతల కాలమున రాత్రివేళ నిండుబరువుతో పోవు బండ్లకును ట్రాక్టరు తొట్లకును వెనుక దీపముండదు. మంచులోనో, ఎదుటి లారీ వెలుగులోనో వచ్చు మోటారు సైకిలువానికి ఆ చెరకు గడలు ముఖమునకు తగులువరకు కనబడవు. తొట్టి వెనుక అంటించు ఎర్రని మెరుపుపట్టీ వెల ఒక పూట కూలి యైన కాదు.

పడినవానిని చూచి ప్రక్కగా తొలగిపోవు అలవాటు పోలీసు భయమునుండి పుట్టినది. 2016లో సుప్రీముకోర్టును, 2019లో చేర్చిన 134ఏ సెక్షనును ఆ భయమును తొలగించినవి. సద్బుద్ధితో సాయము చేసినవాని పేరును చెప్పుమని నిర్బంధింపరాదు, సాక్షిగ నిలువుమని బలవంతపెట్టరాదు. 108కి వెంటనే ఫోను చేయవలెను. నర్సీపట్నము ఏరియా ఆసుపత్రిలో ప్రథమచికిత్స దొరకినను, తలకు పెద్దదెబ్బ తగిలినవాడు విశాఖపట్నము చేరవలసియుండును. గంటలు ఆ దారిలోనే కరగిపోవును. స్పృహ లేనివానిని కూర్చుండబెట్టి నోట నీళ్లు పోయరాదు. శ్వాస ఆడుచున్నంతకాలము, తెలిసినవారు వచ్చువరకు హెల్మెటు లాగరాదు. మెడ కదలకుండ తలను రెండు చేతుల మధ్య పట్టి యుంచి, దారిన వచ్చు బండ్లను దూరముననే ఆపుటకు ఒకరిని మలుపు దగ్గరకు పంపవలెను.