పది లక్షల అర్జీలు

మన దేశములో అర్జీ వ్రాయుట కొత్త విద్య కాదు. చెరువు పూడినదనియు, బాట చెడినదనియు, బడికి పంతులు లేడనియు కరణముగారి అరుగుమీద కూర్చుండి వ్రాయించుకొనిన మహజరులు మన తాతలనాటినుండి కచేరీల బీరువాలలో పేరుకొని యున్నవి. అయినను 2015 ఏప్రిల్ మాసమున ఢిల్లీలోని ఒక ప్రభుత్వ సంస్థకు చేరినన్ని అర్జీలు అంతకు ముందు ఆ సంస్థవారు ఎన్నడును చూచి యుండరు. కొలది వారములలో పది లక్షలకు పైగా ఈ-మెయిలు ఉత్తరములు వచ్చిపడెను. వ్రాసినవారు కోరినది భూమి కాదు, కొలువు కాదు, కొత్త బాటయును కాదు. ఉన్న బాటమీద అందరి బండ్లకును ఒకే సుంకము ఉండవలెనని మాత్రమే వారు కోరిరి.

ఆ సంస్థ భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. వాడుకలో దానిని ట్రాయ్ అందురు. ఆ బాట అంతర్జాలము. తగవు పుట్టిన విధము చెప్పెదను. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ కంపెనీవారు అంతర్జాలము ద్వారా చేసికొను సంభాషణలకు వేరుగా రుసుము తీసికొందుమని ప్రకటించి, అలజడి రేగగానే వెనుకకు తగ్గిరి. టెలిఫోను కంపెనీల మొర ఏమనగా, స్తంభములు నాటినది మేము, వేలములో తరంగములను కోట్లు పోసి కొన్నది మేము, స్కైపు, వాట్సాప్ మొదలైనవారు మా తీగెలమీదనే నడచి మా వ్యాపారమును తన్నుకొని పోవుచున్నారు అని. ఈ మొరలో బొత్తిగా పస లేదని నేననను. 2015 మార్చి 27న ట్రాయ్ ఈ విషయమై ఆంగ్లమున 118 పుటల పత్రమును ప్రకటించి, అందులో 20 ప్రశ్నలు వేసి, ఏప్రిల్ 24 లోపల జవాబులు పంపవలసినదిగా ప్రజలను కోరెను. ఇట్టి పత్రములను మామూలుగా కంపెనీల న్యాయవాదులు తప్ప ఎవరును చదువరు. ఈ పర్యాయము మాత్రము కొందరు ఉత్సాహవంతులు దానిని కుదించి, జవాబులను సిద్ధపరచి, మీట నొక్కినచో ఉత్తరము పోవునట్లు ఏర్పాటు చేసిరి. ముంబయిలోని హాస్యగాండ్ర బృందమొకటి నవ్వించుచునే సంగతి బోధపరచు చిత్రమొకటి తీసి జనములోనికి వదలెను. పండితులు చేయలేని పనిని విదూషకులు చేసిరన్నమాట.

బడిపిల్లలకు ఈ తగవును చెప్పవలెనన్నచో తపాలాను మించిన పోలిక నాకు తోచలేదు. 1854కు పూర్వము మన దేశములో జాబు ఖరీదు దూరమునుబట్టి పెరుగుచుండెడిది. ఆ సంవత్సరమున వచ్చిన చట్టముతో దూరముతో నిమిత్తము లేకుండ పోయెను. తేలికపాటి జాబు గుంటూరునుండి తెనాలికి పోయినను, పెషావరుకు పోయినను అర్ధణా బిళ్ళ చాలును. లోపల ఏమున్నదో తపాలావారికి అనవసరము. పెండ్లిశుభలేఖకును, వడ్డీ వ్యాపారి బెదిరింపునకును ఒకటే ముద్ర పడును. అంతర్జాలము పని చేయు తీరు కూడ ఇదియే. మనము పంపు మాటయైనను, బొమ్మయైనను చిన్న చిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లముమీదను పంపినవారి చిరునామా, అందుకొనవలసినవారి చిరునామా ఉండును. దారిలోని యంత్రములు ఆ చిరునామాను చూచి ముందుకు నెట్టును. ఈ ధర్మమునకు 2003లో టిమ్ వూ అను అమెరికా న్యాయశాస్త్రాచార్యుడు నెట్ న్యూట్రాలిటీ అని పేరుపెట్టెను. మన పత్రికలు దానిని అంతర్జాల తటస్థత అని తెనిగించినవి.

వార్తాపత్రికలకు తపాలావారు తక్కువ రుసుము పెట్టలేదా అని ఒక తెలివైన విద్యార్థి అడుగవచ్చును. పెట్టిరి. కాని నమోదైన పత్రికలన్నిటికిని పెట్టిరేగాని, ఫలానా సంపాదకుని పత్రికకే అని పెట్టలేదు. తపాలా జవాను మీ వీధిలోనికి వచ్చి, "ఈ ఒక్క దుకాణమువారికి మీరు వ్రాయు జాబులు ఉచితము, తక్కిన దుకాణములకు వ్రాసినచో బిళ్ళ అంటింపుడు" అనెననుకొనుడు. ఏడాది తిరుగునప్పటికి మీ వీధిలో ఎన్ని దుకాణములు మిగులును?

సరిగా అట్టి ఏర్పాటే మన ఊళ్ళలోనికి వచ్చినది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అను ఉచిత సేవను ఆరు రాష్ట్రములలో ప్రారంభించెను. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును ఉన్నవి. ఆ సంవత్సరము సెప్టెంబరులో దానికి ఫ్రీ బేసిక్స్ అని నామాంతరము కలిగెను. సెల్‌ఫోనులో డబ్బు లేకున్నను అందులోని కొలది సేవలను చూడవచ్చును. వాతావరణము, ఉద్యోగ ప్రకటనలు, కొంత వార్త, కొంత ఆరోగ్యము, మరి ఫేస్‌బుక్. చలనచిత్రములు లేవు, పెద్ద బొమ్మలు లేవు. ఎవరి సేవను చేర్చవలెనన్నను ఫేస్‌బుక్ పెట్టిన నియమములకు లోబడవలెను. రాకపోకలన్నియు దాని యంత్రములగుండ పోవలెను. ఏప్రిల్‌లో అలజడి రేగినప్పుడు మొదట చేరిన సంస్థలలో కొన్ని బయటికి వచ్చివేసినవి.

ఇచ్చట కొంచెము ఆగవలెను. ఆ దినములలో ఒక జీబీ డేటా కొనవలెనన్నచో రెండువందల రూపాయలకు పైగా కావలసియుండెను. పాలమూరులోనో, రాయదుర్గములోనో పదవతరగతి చదువు బీదపిల్లవానికి అది ఇంచుమించు తండ్రి దినపు కూలి. వానితో, "నాయనా, నీకు ఉచితముగా వచ్చునది సంపూర్ణమైన అంతర్జాలము కాదు, కావున అదియు వద్దు" అని చెప్పుటకు నోరు రావలెను. నగరములో చల్లని గదిలో కూర్చుండి మీట నొక్కినవారిలో ఈ పిల్లవాని ముఖము తలచుకొనినవారు ఎందరని నాకు సందేహము. తటస్థతావాదుల పక్షమునే నేను నిలిచినను, వారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండ దాటవేసిరనియే ఇప్పటికిని తలచుచున్నాను.

ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఈ ప్రశ్ననే పట్టుకొనెను. 2015 డిసెంబరులో మన దేశపు ఆంగ్ల దినపత్రికలో వ్యాసము వ్రాయుచు, గ్రంథాలయమును, ప్రభుత్వ వైద్యశాలను, సర్కారు బడిని ఉపమానములుగా తెచ్చెను. గ్రంథాలయములో లోకములోని పుస్తకములన్నియు ఉండవు. అయినను మేలే చేయుచున్నది కదా అని ఆయన వాదము. ఉపమానము చక్కనిదే. కాని గ్రంథాలయోద్యమములో పెరిగిన జాతికి దానిని వినిపించుట కొంత సాహసము. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు గాని, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పుడు గాని, బీరువాలలో ఏ పుస్తకముండవలెనో ఒక పుస్తక వర్తకుడు నిర్ణయింపలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా కాలువలో పడవమీద పుస్తకములు పంపినప్పుడు, ఆ పడవ ఒక కంపెనీ ప్రచురణల అమ్మకమునకు పోలేదు. ఉన్నవి కొలది పుస్తకములే. కాని అవి ఊరివారు కూడబెట్టినవి, ఊరివారు అడిగినచో మారునవి. ఎవరేమి చదివినదియు సముద్రముల కావలనున్న ఖాతాలోనికి ఎక్కలేదు. జుకర్‌బర్గ్ చెప్పినది గ్రంథాలయము. కట్టినది, ఒక ప్రచురణకర్త తన అంగడి ముందర వేసిన చలివేంద్రము. చలివేంద్రమునందలి నీరు చల్లగా ఉండదని ఎవరనిరి?

ఇక రెండవ జాతర. 2015 డిసెంబరు 9న ట్రాయ్ మరియొక పత్రము వెలువరించెను. సేవనుబట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టవచ్చునా అని ఈసారి ప్రశ్న. ఫేస్‌బుక్ తన సభ్యుల కండ్లయెదుట ఒక విజ్ఞప్తి నిలిపి, ఫ్రీ బేసిక్స్‌ను రక్షింపుడని కోరెను. మరల మీట, మరల ఉత్తరము. మొత్తము సుమారు 24 లక్షల ఉత్తరములు చేరగా, అందులో దాదాపు 19 లక్షలు ఫ్రీ బేసిక్స్ పక్షమున వచ్చినవి. చిక్కేమనగా, ఆ ఉత్తరములలో ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు జవాబులు లేవు. ఫ్రీ బేసిక్స్ మాకు ఇష్టము అని మాత్రమున్నది. అడిగిన ప్రశ్నలకు జవాబులు తెప్పింపుడని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు వ్రాసెను. లాభము లేకపోయెను.

ఉపాధ్యాయులకు ఈ ఘట్టము నవ్వు తెప్పించును. నలువది జవాబు పత్రములలో ఒకే వాక్యము ఒకే తప్పుతో కనిపించినప్పుడు వారు చేయు పని మనకు తెలియును. కాని న్యాయముగా చెప్పవలెనన్నచో, ఏప్రిల్ నాటి పది లక్షలలో కూడ హెచ్చు భాగము ఒకే మూసలో పోసినవే. ఆ మూసలో ఇరువది ప్రశ్నలకును జవాబులుండెను, పంపువాడు వానిని చదివి మార్చుకొనుటకు వీలుండెను, తేడా ఇంతమాత్రమే. ఎందరు చదివిరో, ఎందరు మార్చిరో చెప్పువారు లేరు. పైగా ఆ ఏప్రిల్ 27న ట్రాయ్, వచ్చిన ఉత్తరములన్నిటిని, వ్రాసినవారి ఈ-మెయిలు చిరునామాలతో సహా తన వెబ్‌సైటులో బహిరంగముగా పెట్టెను. అర్జీ పెట్టుకొనినవాని ఇంటి తాళపుచెవిని కచేరీ గోడకు తగిలించినట్లాయెను.

తుదకు 2016 ఫిబ్రవరి 8న తీర్పు వెలువడెను. చూచు సేవనుబట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదు. పెట్టినచో దినమునకు 50,000 రూపాయల చొప్పున 50 లక్షలవరకు జరిమానా. అత్యవసర సేవలకు మాత్రము మినహాయింపు. మూడు దినములకే ఫేస్‌బుక్ మన దేశములో ఫ్రీ బేసిక్స్‌ను ఆపివేసెను. దాని డైరెక్టర్లలో ఒకడైన మార్క్ ఆండ్రీసన్ ఆగ్రహించి, వలసపాలనా వ్యతిరేకతయే భారతీయులను దరిద్రులను చేసినదను అర్థము వచ్చునట్లు ట్విట్టరులో వ్రాసి, మరల చెరిపివేసి, క్షమాపణ చెప్పుకొనెను. దానముయొక్క లోపలి గుడ్డ ఏ రంగుదో ఆ ఒక్క వాక్యములో కనబడెను.

ఈ కథలో నాకు మిక్కిలి నచ్చినది వేరు. తలలు లెక్కించినచో ఫ్రీ బేసిక్స్ గెలువవలెను. ఇరువది నాలుగింట పంతొమ్మిది పాళ్ళు! ట్రాయ్ తలలు లెక్కింపలేదు. వాదములను తూచెను, తన నిర్ణయమునకు కారణములు వ్రాసి దానితోపాటు ప్రకటించెను. ఎన్నిక వేరు, విచారణ వేరు అను సంగతి మన పౌరశాస్త్ర పాఠములలో ఇంత స్పష్టముగా ఎక్కడను లేదు.

మరి ఆ పదవతరగతి పిల్లవాడు? వానిని అంతర్జాలములోనికి తెచ్చినది ట్రాయ్ ధర్మము కాదు, జుకర్‌బర్గ్ దానమును కాదు, వర్తకుల పోటీ. 2016 సెప్టెంబరు 5న జియో రంగములోనికి దిగి 2017 మార్చి 31 వరకు డేటాను ఉచితముగా పంచిపెట్టెను. ధరలు పాతాళమునకు దిగినవి. ఈ దెబ్బకు కొన్ని కంపెనీలే మాయమైనవి. 2020 ఏప్రిల్‌లో అదే ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి జియో ప్లాట్‌ఫారమ్స్‌లో 9.99 శాతము వాటా కొనెను. వీధి వాకిట ఆపబడిన అతిథి పెరటి దారిన చుట్టరికము కలుపుకొని వచ్చినట్లున్నది.

బాట అందరిదియైనంతనే దానిమీద మంచి సరకే నడచునని ఎవరైన తలచియున్నచో 2018 వారి భ్రమను పోగొట్టెను. పిల్లలనెత్తుకొని పోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాప్‌లో ఊరూరు పాకెను. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామమున ఐదుగురు నిరపరాధులను జనము కొట్టి చంపెను. ఆ మాసములోనే వాట్సాప్ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి మించి పంపుటకు వీలులేకుండ చేసెను. మన గద్వాల ప్రాంతమున మాత్రము పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు యంత్రముల జోలికి పోలేదు. ఊళ్ళలోనికి పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఫోనులో వచ్చిన బొమ్మ నిజము కాదని ముఖాముఖి చెప్పించెను. సెల్‌ఫోను ముందర నిలిచి డప్పు గెలిచినది. ఆశ్చర్యపడవలసినది లేదు, ఆ ఊరివారికి డప్పు కొట్టినవాడెవడో తెలియును, బొమ్మ పంపినవాడెవడో తెలియదు.

2016 నాటి నియమము కంపెనీలు సుంకములో పక్షపాతము చూపకుండ అడ్డుపడును. బాటనే మూసివేయు ప్రభుత్వమును గూర్చి అందులో ఒక్క పంక్తియును లేదు. 2019 ఆగస్టు 5న జమ్మూ కాశ్మీరులో అంతర్జాలము నిలిచిపోయెను. నిరవధికముగా నిలుపుట చెల్లదనియు, ఉత్తరువులను ప్రకటింపవలెననియు సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పిన మీదట ఆ నెలలోనే నత్తనడకల 2జీ కొంతవరకు తిరిగి వచ్చెను. అంతలో కోవిడ్ వచ్చి బడులు మూతపడినవి, దేశమంతట పాఠములు ఫోనులోనికి ఎక్కినవి. అచ్చటి ప్రైవేటు పాఠశాలల సంఘమువారు, పిల్లలకు పాఠములు అందుటలేదు, 4జీ ఇప్పింపుడని సుప్రీంకోర్టుకు అర్జీ పెట్టుకొనిరి. 2020 మే 11న న్యాయస్థానము ఆ సంగతిని అధికారుల సంఘమొకటి పరిశీలింపవలెనని చెప్పెను. 4జీ అక్కడంతటను తిరిగి వచ్చినది 2021 ఫిబ్రవరి 5న. అప్పటికి మూసిన నాటినుండి పదునెనిమిది మాసములు నిండినవి.