సీటీ కొడితె తప్పేం గాదు.. పక్కోని సినిమా ఖరాబు చెయ్యకుంటె చాలు

పెద్ద హీరో సినిమా రిలీజైన ప్రతిసారి ఒకటే లొల్లి. మల్టీప్లెక్సుల చూసినోళ్లు ‘ఆ సీటీలేంది, ఆ ఒర్లుడేంది, ఒక్క డైలాగు ఇనపడలె’ అని సోషల్ మీడియాల రాస్తరు. సింగిల్ స్క్రీన్ల చూసినోళ్లు ‘సప్పుడు లేకుండ చూడాల్నంటె ఇంట్ల టీవీ లేదా’ అని మర్లబడ్తరు. రెండు దిక్కులా కొంత న్యాయం ఉన్నది. కని ఈ కొట్లాటల అసలు ముచ్చట పక్కకు పోతున్నది. థియేటర్ల మర్యాద అంటె నోరు మూసుకొని కూసునుడేనా?

మన దిక్కు ఆట చూసుడు ఎన్నడు సప్పుడు లేకుండ జరగలె. ఊర్ల ఒగ్గు కథ చెప్తుంటె జనం నడుమ నడుమ నవ్వుతరు, మాట కలుపుతరు, పైసలిస్తరు. కథ చెప్పే ఆయన ఆడ్నే ఆగి, ఇచ్చినోళ్ల పేరు తీసి దీవెన పెట్టి, మళ్ల కథల పడ్తడు. చిందు బాగోతమైతె రాత్రంత నడుస్తది. పిల్లలు ముంగటనే పండుకుంటరు, పెద్దోళ్లు నడిమిట్ల లేశి చాయ్ తాగొస్తరు. పద్య నాటకాలది ఇంకో తీరు. రాయబారం సీన్ల కృష్ణుడు పద్యం ఎత్తుకొని రాగం తీస్తె, కింద కూసున్నోళ్లు ‘వన్స్ మోర్’ అని కేక పెడ్తరు. ఎదురుంగ దుర్యోధనుడు అట్లనే ఆగి ఉంటడు, కృష్ణుడు అదే పద్యం మళ్ల పాడ్తడు. కొత్తగ చూసేటోళ్లకు ఇదేం నాటకంరా నాయనా అనిపిస్తది. ఆడేటోళ్లకు, చూసేటోళ్లకు నడుమ అదొక ఒప్పందం.

గా అలవాటే సినిమా హాలుకు వచ్చింది. నేల టికెట్ల కాలంల తెర దిక్కు చిల్లర ఇసిరిండ్రు, దేవుని సినిమా వస్తె హారతులు పట్టిండ్రు, కొబ్బరికాయలు కొట్టిండ్రు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కాడ ఫస్ట్ డే ఫస్ట్ షో అంటె ఇప్పటికి పండుగే. అందుకే ‘మనోళ్లకు సినిమా చూసుడు రాదు’ అని ముక్కు ఇరిచే మాట నాకు నచ్చది. సీటీ కొట్టే పోరడు కనీసం తెర దిక్కు చూస్తున్నడు. ఖరీదు సీట్ల కాళ్లు చాపుకొని మూడు గంటలు ఇన్‌స్టాగ్రామ్ చూసేటాయన తెర దిక్కు సుత చూస్తలేడు.

అయితె నాటకానికి, సినిమాకు ఒక పెద్ద ఫరకు ఉన్నది. నాటకం ఆగుతది, సినిమా ఆగది. స్టేజీ మీద ఉన్నాయనకు మన సప్పుడు ఇనపడ్తది. నవ్వు తగ్గినంక మాట అందుకుంటడు. సినిమా అట్ల గాదు, జనం ఒర్లినా ఒర్లకపోయినా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పోతనే ఉంటది. ఈ సంగతి డైరెక్టర్లకు ఎరికే. హీరో ఎంట్రీ స్లో మోషన్ల తీసి, మ్యూజిక్ దంచి, మాటలు తక్కువ పెడ్తరు. పంచ్ డైలాగు అయినంక జెర జాగ ఇడుస్తరు. ఆ జాగ సీటీల కోసమే. ఆడ కొట్టుండ్రి, ఎవలకు నష్టం లేదు. అది అయినంక కథ నడుస్తది. తెర మీద తల్లి పానం మీద ఉన్నప్పుడు ‘జై ఫలానా’ అని ఒర్లితె, ఆ ఒర్లుడు సినిమా కోసం గాదు, వాని కోసం. అక్కడ పోయిన మాట వెనుక కూసున్నోనికి మళ్ల రాదు.

ఇంకొక సప్పుడున్నది, దాని గురించి ఎవలు పెద్దగ మాట్లాడరు. హీరోయిన్ కనపడంగనే చీకట్లకెళ్లి వచ్చే బూతు మాటలు. ఎనకట హాళ్లల్ల ఆడోళ్లకు వేరే టికెట్ కిటికీ, వేరే సీట్లు ఉండేటివి. ఇప్పుడు అందరం కలిసే కూసుంటున్నం, అది మంచిదే. కని ఇంటిల్లిపాది పోయినప్పుడు ఆ మాటలు ఇని తల దించుకునేది బిడ్డ, భార్య, చెల్లె. ఇంకోసారి ఆ హాలుకు రామంటరు. హాలు ఓనర్లు ‘ఫ్యామిలీలు వస్తలేవు’ అని బాధపడ్తరు గదా, ఆ గిరాకి పోయిన తొవ్వల్ల ఇదొకటి.

ఇగ ఫోన్ కాడికి వద్దాం. పక్కోని ఫోన్ ఎల్తురు అంత చికాకు ఎందుకు పెడ్తదో చాలమందికి తెల్వది. డిజిటల్ సినిమా తెర మీద తెలుపు ఎంత ఎల్తురు ఉండాల్నో ఒక కొలత ఉన్నది, 48 నిట్లు. మన చేతుల ఉండే ఫోన్ పూర్తి ఎల్తురు పెడితె 500 నిట్లు ఈజీగ దాటుతది. అంటె తెర కన్న పదింతలు. మన కండ్లు చీకటికి పూర్తిగ అలవాటు పడాల్నంటె 20 నుంచి 30 నిమిషాలు పడ్తది. అట్ల అలవాటైన కంటి ముంగట ఆ ఎల్తురు ఒక్కసారి వెలిగితె, చూపు తెర మీదికెళ్లి అటు గుంజుకపోతది. ‘నేను మెసేజే చూసిన, మాట్లాడలె గదా’ అంటరు. మాట్లాడితె పక్క ఇద్దరికే ఇనపడ్తది, ఫోన్ తీస్తె వెనుక పది వరుసలకు కనపడ్తది. అర్జెంటైతె లేశి బయటికి పోయి చూసుకోవాలె, గంతే.

స్టేటస్ పెట్టుకునేదానికి క్లైమాక్స్ వీడియో తీసుడు ఇంకో రోగం. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023ల మార్చిండ్రు. థియేటర్ల దొంగతనంగ సినిమా రికార్డు చేస్తె, మొత్తం గాదు కొంత భాగం చేసినా, మూడు నెలల నుంచి మూడేండ్ల దాక జైలు, 3 లక్షలకెళ్లి మొదలుపెట్టి జుర్మానా. ఆ జుర్మానా సినిమా తీసిన ఖర్చుల 5 శాతం దాక పోవచ్చు. స్టేటస్ ఏమో ఒక్క రోజుకే మాయమైతది.

నాటకం కాడ ఫోన్ ఇంకా చెడ్డది. 1885ల మొదలైన సురభి నాటకాలు ఇప్పటికి ఆడుతున్నరు. తీగల మీద మనుషులు గాల్ల లేస్తరు, స్టేజీ మీద మంట పుడ్తది, అంత కండ్ల ముంగటనే. ఆ టైముల కింది నుంచి ఫ్లాష్ కొడితె ఆయన కండ్లు బైర్లు గమ్ముతయి. సినిమాల హీరోకు ఏం గాదు, స్టేజీ మీదాయన కింద పడ్తడు. ఆడిటోరియంలల్ల ఇంకో రకం అమర్యాద ఉన్నది, అది పెద్దమనుషులది. నాటకానికి ముంగట గంటన్నర ఉపన్యాసాలు, శాలువలు, మెమెంటోలు. నాటకం షురూ అయినంక పావుగంటకు ముంగటి వరుస మొత్తం లేశి, వెనుక పదిమందిని ఏసుకొని, బూట్ల సప్పుడుతోని బయటికి పోతది. మేకప్ ఏసుకొని రెండు గంటలు ఎదురు చూసిన కళాకారుడు ఖాళీ సోఫాలకు డైలాగులు చెప్పుకోవాలె. పోయేది ఉంటె వెనుక వరుసల కూసోవాలె. సీన్ మారి లైట్లు ఆగినప్పుడు లేవాలె. ఆలస్యంగ వచ్చేటోళ్లకు సుత ఇదే మాట.

ఇప్పటిదాక చెప్పింది చికాకు సంగతి. దీనికంటె పెద్దది పానం సంగతి.

1997 జూన్ 13న ఢిల్లీల ఉపహార్ థియేటర్ల ‘బార్డర్’ సినిమా నడుస్తున్నది. కింద ట్రాన్స్‌ఫార్మర్ అంటుకున్నది. పొగ బాల్కనీలకు ఎక్కింది. 59 మంది సచ్చిపోయిండ్రు. ఎక్కువమందిని తీస్కపోయింది మంట గాదు, పొగ. బయటికి పోయే తొవ్వల అదనంగ సీట్లు ఏసిండ్రని, ఒక దిక్కు దారే బందైందని తర్వాత తేలింది. ఆ తప్పు ఓనర్లది. కని సీట్ల నడుమ నడిచే తొవ్వ అనేది ఎందుకున్నదో ఆ కేసు దేశానికి చెప్పింది. మన హాళ్లల్ల అదే తొవ్వల నిలబడి డాన్సులు చేస్తం, బ్యాగులు పెడ్తం, కాగితాలు కుప్ప పోస్తం. ఆ కాగితాల నడుమ పటాకులు కాలుస్తం! 2023 మేల విజయవాడల ‘సింహాద్రి’ రీ-రిలీజ్ అయినప్పుడు పటాకులతోని థియేటర్ల సీట్లు అంటుకున్నయి. అదృష్టం బాగుండి జనం బయటపడ్డరు. కాగితం, పటాకి, చీకటి, మూసిన తలుపులు.. ఇవన్ని ఒక్క కాడ పెట్టి దాన్ని అభిమానం అంటె ఎట్ల?

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌ల సంధ్య థియేటర్ కాడ ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటల ఒక తల్లి పానం పోయింది. ఆమె కొడుకు నెలల తరబడి దవాఖానల ఉన్నడు. అటెనుక పోలీసుల లెక్క, థియేటరోళ్ల లెక్క, హీరో రాకడ మీద కొట్లాట, అసెంబ్లీల చర్చ.. అంత అయ్యింది. ఎవలి తప్పు ఎంతో కోర్టులు చూస్తయి. కని గుంపు ముంగటికి ఎట్ల నూకుతదో చూసేటోళ్లమైన మనం తెల్సుకోవాలె. వెనుక ఉన్నోనికి ముంగట ఏమైతున్నదో కనపడది. వాడు ‘ఒక్క అడుగే’ నూకుతడు. అట్ల వందమంది ఒక్కొక్క అడుగు నూకితె, గేటు కాడ ఉన్నోళ్లకు ఊపిరి పీల్చే జాగ ఉండది. పడ్డ మనిషి లేవలేడు. చిన్నపిల్లల్ని ఎత్తుకొని ప్రీమియర్ షో గుంపులకు పోవద్దనేది అందుకే. పోరగాళ్లు ఏడుస్తరని గాదు.

ఏడ్సుడంటె గుర్తొచ్చింది. చంటిపిల్ల ఏడిస్తె చుట్టుపక్కలోళ్లు ఆ తల్లిని ఉరిమి చూస్తరు. తల్లిని చూసుడెందుకు, పక్కన కూసున్న తండ్రి ఎత్తుకొని ఒక చక్కర్ బయటికి పోయొస్తె అయిపాయె.

తప్పు చేసేటోనికి చెప్పుడు ఎట్ల అనేది ఇంకో చిక్కు. గట్టిగ అంటె కొట్లాట, అనకుంటె మన టికెట్ పైసలు దండుగ. ‘అన్నా, జెర ఫోన్ లోపల పెట్టరాదే, కండ్లల్ల కొడ్తున్నది’ అని మెల్లగ అంటె పదిల ఎనిమిది మంది పెడ్తరు. మిగిలిన ఇద్దరితోని మనం గొడవ పెట్టుకునుడు ఎందుకు, హాలోళ్లను పిలవాలె. ఎనకట టార్చిలైటు పట్టుకొని గేట్ కీపర్ తిరిగేటోడు. సీటు చూపెట్టేది ఆయనే, ‘ఓ బాబు, కాళ్లు దించు’ అని గద్దించేది ఆయనే. ఇప్పుడు సింగిల్ స్క్రీన్ల ఆ మనిషిని తీసేసిండ్రు. మల్టీప్లెక్సుల సీటు కాడికి మనిషి వస్తడు గని, పాప్‌కార్న్ ఆర్డర్ ఉన్నదా అని అడిగేదానికే వస్తడు. లోపల జరిగేది చూసుకునే మనిషిని హాలుకు ఒక్కరిని పెడితె అయ్యే ఖర్చు ఎంత? నడిమిట్ల రెండు సార్లు ఇటుకెళ్లి అటు నడిస్తె చాలు, సగం ఫోన్లు జేబులకు పోతయి, తొవ్వల నిలబడ్డోళ్లు సీట్లల్లకు పోతరు.