కంటి మీద నలుపు తెలుపు వలయాలు

ఒక గుండ్రటి పలక, దాని మీద ఒకదానిలో ఒకటిగా నలుపు తెలుపు వలయాలు, నట్టనడుమ చిన్న రంధ్రం. 1880లో పోర్చుగల్ కంటి వైద్యుడు ఆంటోనియో ప్లాసిడో తయారుచేసిన పరికరం ఇంతే. రోగి ఎదుట పలక పట్టుకుని రంధ్రంలోంచి చూస్తే, కంటి ముందు భాగంలోని పారదర్శకమైన పొర మీద ఆ వలయాల ప్రతిబింబం కనిపిస్తుంది. ఈ పొరే కార్నియా. బడి పుస్తకాల్లో దాని పేరు శుక్లపటలం. అది నున్నగా, సమంగా ఉంటే ప్రతిబింబంలోని వలయాలూ గుండ్రంగా ఉంటాయి. వంపు తేడాగా ఉన్నచోట అవి సాగిపోతాయి, లేదా దగ్గరగా నొక్కుకుపోతాయి. లేజర్‌తో కార్నియాను చెక్కి అద్దాల అవసరం తగ్గించే ల్యాసిక్ చేయించుకోవచ్చా లేదా అని నేడు తేల్చే యంత్రాలకు మూలం ఈ పలకే.

చాలాకాలం దానితో వచ్చిన చిక్కు ఒక్కటే: వంకర ఉందని చూపుతుంది, ఎంతో చెప్పదు. స్వీడన్‌కు చెందిన గుల్‌స్ట్రాండ్ 1896లో ఆ ప్రతిబింబాన్ని ఫోటో తీసి కొలవడం మొదలుపెట్టాడు. కానీ వేల బిందువుల లెక్క చేతితో తెమిలేది కాదు. ఆ పని 1980ల్లో కంప్యూటర్‌కు అప్పగించినవాడు అమెరికాలోని స్టీఫెన్ క్లైస్. ఎక్కువ వంపు ఉన్నచోట ఎరుపు, తక్కువున్నచోట నీలం. అలా కార్నియాకు రంగుల పటం వచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే లేజర్ కూడా కంటి వైపు వచ్చింది. 1981లో ఐబీఎం ప్రయోగశాలలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు ఎక్సైమర్ లేజర్‌తో కణజాలాన్ని చుట్టుపక్కల కాల్చకుండా చెక్కవచ్చని గుర్తించారు. 1990ల్లో ఆ లేజర్‌తో చేసే ల్యాసిక్ శస్త్రచికిత్స ఊపందుకుంది. అప్పుడు బయటపడిందొక సంగతి. బాగా జరిగిన ఆపరేషన్ తర్వాత కూడా కొందరి కార్నియా నెలలు, ఏళ్లు గడిచేసరికి బలహీనపడి ముందుకు ఉబ్బింది. వారిలో కొందరికి కెరటోకోనస్ అనే జబ్బు ముందే నక్కి ఉంది. అందులో కార్నియా పలచబడి శంకువులా మారుతుంది. తొలిదశలో దాని జాడ తరచు వెనుకవైపు కనిపిస్తుంది. వలయాల ప్రతిబింబం కనిపించేది ముందువైపున మాత్రమే.

వెనుకవైపును చూపిన విద్య మరో రంగం నుంచి వచ్చింది. ఆస్ట్రియాకు చెందిన థియోడర్ షైంఫ్లుగ్ ఆకాశం నుంచి తీసిన ఫోటోలతో భూమి పటాలు గీసేందుకు కెమెరాను ఏటవాలుగా అమర్చే సూత్రాన్ని 1904 ప్రాంతంలో రూపొందించాడు. నేల కొలిచే ఆ సూత్రం అర మిల్లీమీటరు మందమున్న పొరను కొలవడానికి పనికొచ్చింది! 2000ల తొలి ఏళ్లలో వచ్చిన పెంటాక్యామ్ యంత్రంలో కెమెరా కంటి ఎదుట తిరుగుతూ రెండు సెకన్లలో 25 కోత చిత్రాలు తీస్తుంది. రెండు వైపుల ఆకారం, ప్రతిచోటి మందం అందులో తెలుస్తాయి.

ఆ మందంతోనే అసలు లెక్క. సగటు కార్నియా మధ్యలో సుమారు 540 మైక్రాన్లు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో పవర్‌కు దాదాపు 12 మైక్రాన్లు పోతాయి. మైనస్ 6కు 72, పైన మూతలా లేపే పొరకు 110. మిగిలేది 358. అదే 480 మందం, మైనస్ 8 పవర్ అయితే 274 మాత్రమే. 250కి తగ్గకూడదన్నది పాత నియమం. చాలామంది సర్జన్లు 300 ఉండాలంటారు. ఆకారం అనుమానాస్పదంగా ఉంటే మాత్రం ఎంత మందమున్నా ల్యాసిక్ చేయరు.

2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన ‘కంటి వెలుగు’ కంటి పరీక్షల శిబిరాలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లోనూ ఎందరికో తమ పవర్ ఎంతో తెలియజెప్పాయి. అక్కడ రాసిచ్చిన పవర్ చీటీ అద్దాలకు సరిపోతుంది, మందం, ఆకారం కూడా చూడాల్సిన లేజర్‌కు చాలదు. పటం తీసే పెద్ద యంత్రాల కోసం సాధారణంగా హనుమకొండకో, హైదరాబాద్‌కో పోవాలి. అలా పోయేవారు కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ముందే ఆపాలి. మెత్తనివి ఒకటి రెండు వారాలు, గట్టివి అంతకన్నా ఎక్కువ. లేకుంటే లెన్సు నొక్కిన ఆకారమే పటంలోకి ఎక్కి, దారి ఖర్చు దండగవుతుంది. కంటిపాపను విప్పే చుక్కలు వేసి రెటీనా కూడా చూస్తారు. తర్వాత కొన్ని గంటలు దగ్గరి చూపు మసకేస్తుంది, వెలుతురు పొడుస్తుంది. అందుకే భూపాలపల్లి నుంచి ఒంటరిగా బైకు మీద రావడం తగదు.

ల్యాసిక్‌కు వయసు 18 దాటాలి, పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి. కన్నీటి పరీక్షలో కళ్లు బాగా పొడిబారినట్టు తేలినా, గర్భిణులు, పాలిచ్చే తల్లులైనా వాయిదా వేస్తారు. కార్నియా పలచనైనవారిలో కొందరికి కంటి లోపల లెన్సు అమర్చే మార్గం ఉంది.

ప్లాసిడో పలక ఇంకా పనిలోనే ఉంది. 2021లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ బృందం శంకర కంటి ఆసుపత్రితో కలిసి, త్రీడీ ప్రింటర్‌తో చేసిన వలయాల గొట్టాన్ని ఫోన్ కెమెరాకు తగిలించి కెరటోకోనస్‌ను పసిగట్టే పరికరాన్ని రూపొందించింది. అదీ ముందువైపునే చూస్తుంది. ఎవరిని పెద్ద యంత్రం దగ్గరికి పంపాలో చెప్పగలదు, వెనుకవైపు సంగతి ఆ తిరిగే కెమెరాయే చెప్పాలి.