థైరాయిడ్ గోలీ... గుండె దడ

"పొద్దున్నే పరగడుపున గోలీ ఏసుకుంటనే ఉన్న. మరి గుండె ఎందుకు దడదడ కొట్టుకుంటున్నది?" జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే అక్కయ్య అడిగినా, సిరిసిల్లలో సాంచాల పక్కన కండెలు చుట్టే వదిన అడిగినా 'పని అలసటలే' అని కొట్టిపారేయకండి.

గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఇచ్చే థైరాక్సిన్, ఆ గ్రంథి తయారుచేసే హార్మోనే. అది చాలకపోతే నాడి నెమ్మదిస్తుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఎక్కువైతే గుండె పరుగెడుతుంది, చేతులు వణుకుతాయి. పెద్ద వయసులో గుండె లయే తప్పవచ్చు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే!

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 60 ఏళ్లు దాటినవారిని పదేళ్లపాటు గమనించిన వివరాలు 1994లో వెలువడ్డాయి. టి.ఎస్.హెచ్. బాగా తక్కువగా ఉన్నవారిలో గుండె లయ తప్పడం సుమారు మూడు రెట్లు కనిపించింది. ఇక్కడే మనవాళ్లు తికమకపడతారు. గోలీ మోతాదు ఎక్కువైతే టి.ఎస్.హెచ్. తగ్గుతుంది, చాలకపోతే పెరుగుతుంది. ఈ మందు వాడే 7 లక్షలమందికి పైగా అమెరికా మాజీ సైనికులపై 2022లో వచ్చిన అధ్యయనంలోనూ, మోతాదు ఎటు తప్పినా గుండెజబ్బు మరణాల ముప్పు పెరిగినట్లు తేలింది. వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే అనుకోండి!

మన దగ్గర అసలు చిక్కు పాత చిట్టీతోనే. ఇంటాయన గల్ఫ్‌లో, అత్తమ్మ మంచంలో, చాటలో బీడీల లెక్క పూర్తికావాలి. కరీంనగర్ దాకా పోయే తీరిక ఎక్కడిది? అదే చిట్టీ చూపించి ఏళ్లతరబడి అవే గోలీలు తెచ్చుకుంటారు. ముప్పై ఏళ్లప్పుడు సరిపోయిన మోతాదు అరవైలో ఎక్కువ కావచ్చు. మోతాదు మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, కుదురుకున్నాక ఏడాదికోసారైనా రక్తపరీక్ష తప్పదు.

గోలీ మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి చాయ్ తాగండి. రక్తహీనతకిచ్చే ఐరన్, ఎముకలకిచ్చే కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎండాకాలం రేకుల కింద గూట్లో గోలీలు పెడితే మందు పస తగ్గుతుంది.

దడ వచ్చిందని గోలీ మీ అంతట మీరే మానేయకండి, అదీ గుండెకు చేటే. ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం ఉంటే మాత్రం ఆ పూటే దవాఖానకు వెళ్లాలి. వెళ్లేటప్పుడు గోలీల డబ్బా సంచిలో వేసుకోండి. దాని మీద 50 ఉందో, 100 ఉందో డాక్టరు కళ్లారా చూడాలి.