అనుమతి అడగని అతిథి

ఇతరుల ఇంటికి వెళ్ళినప్పుడు ముందుగా సలాం చెప్పి, ఇంటివారి అనుమతి పొందిన తరువాతే లోపల అడుగు పెట్టాలని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా అనుమతి లేనిదే ప్రవేశించరాదు. వెళ్ళిపొమ్మని జవాబు వస్తే నొచ్చుకోకుండా వెనుదిరగాలి (సూరా నూర్: 27, 28). ఈ నియమం చూపును కట్టడి చేయడానికే ఏర్పడిందని దైవప్రవక్త (స) వివరించారు. ఆయన ఎవరి ఇంటికైనా వెళితే తలుపుకు ఎదురుగా నిలబడేవారు కారు. కుడి వైపుకో ఎడమ వైపుకో తొలగి నిలబడి సలాం చెప్పేవారు. ఆ కాలంలో తలుపులకు తెరలు ఉండేవి కావని దీనిని ఉల్లేఖించిన సహాబీ కారణం కూడా చెప్పారు. అడుగు లోపల పడకముందే చూపు లోపల పడవచ్చు. ఆ చూపు కూడా చొరబాటే అవుతుందని ఈ మర్యాద మనకు నేర్పుతోంది.

నేడు మన ఇళ్ళలోకి సలాం చెప్పకుండా, అనుమతి కోరకుండా ప్రవేశిస్తున్న అతిథులు కొందరున్నారు. మాట వింటే జవాబిచ్చే స్మార్ట్ స్పీకరు, మనుషులను గుర్తించే టీవీ, ముంగిట్లోని డోర్‌బెల్ కెమెరా, హాల్లో గోడ మీది వైఫై కెమెరా ఆ కోవకు చెందినవే. వీటిని కొనేది ఇంటి యజమానే కాబట్టి అనుమతి ఉన్నట్టేనని మనం అనుకుంటాం. అయితే ఇల్లు ఒక్కరిది కాదు. అందులో భార్య, తల్లిదండ్రులు, కోడలు, ఎదిగిన బిడ్డలు ఉంటారు. పనిమనిషి వస్తుంది, చుట్టాలు వస్తారు. వారిని ఎవరు అడిగారు?

సౌకర్యాన్ని కాదనలేం

ఈ పరికరాలన్నింటినీ ఒక్క మాటతో నిషేధించడం న్యాయం కాదు. నిషేధానికి ఆధారం లేనంతవరకు వస్తువులు ధర్మసమ్మతమైనవేనన్నది ఫిఖ్‌హ్ పండితులు అంగీకరించిన సూత్రం. మంచం దిగలేని వృద్ధురాలు నోటి మాటతో దీపం వెలిగించుకోగలగడం, చూపు లేని వ్యక్తి నమాజు వేళను అడిగి తెలుసుకోగలగడం చిన్న మేలు కాదు. ఒంటరిగా ఉన్న తల్లి జారిపడితే పొరుగూరిలోని కొడుకు వెంటనే గమనించగలుగుతాడు. గ్యాసు లీకైతే హెచ్చరించే పరికరం ప్రాణాలు కాపాడుతుంది. ఇవన్నీ అల్లాహ్ ప్రసాదించిన జ్ఞానంతో మనిషికి చేకూరిన అనుగ్రహాలే. అనుగ్రహాన్ని అనుభవించేవాడు దాని బాధ్యతను కూడా మోయాలి. ఆ బాధ్యత తెలియాలంటే, ఈ యంత్రాలు లోలోపల ఏమి చేస్తున్నాయో ముందు అర్థం చేసుకోవాలి.

ఎవరు వింటున్నారు? ఎవరు చూస్తున్నారు?

స్మార్ట్ స్పీకరులోని మైకు సదా తెరిచే ఉంటుంది. తనను పిలిచే పేరు కోసం అది ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పేరు వినబడగానే అటుపైన పలికిన మాటలను సాధారణంగా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకు పంపుతుంది. ఆ పేరును పోలిన మరో పదాన్ని పిలుపుగా పొరబడినప్పుడే చిక్కు వస్తుంది. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక దంపతుల ఇంటి సంభాషణను అమెజాన్ ఎకో పరికరం ఇలాగే రికార్డు చేసి, భర్త దగ్గర పనిచేసే ఉద్యోగికి పంపివేసింది. సంభాషణలోని పదాలను పరికరం ఆజ్ఞలుగా పొరబడిందని కంపెనీ వివరణ ఇచ్చింది. మరుసటి ఏడాది గూగుల్ అసిస్టెంట్ రికార్డింగులను కొందరు మనుషులు కూర్చుని వింటున్నారని బెల్జియం ప్రసార సంస్థ ఒకటి బయటపెట్టింది. అది పరిశీలించిన వెయ్యికి పైగా రికార్డింగులలో 153 ఎవరూ పిలవకుండానే నమోదైనవి.

కెమెరాల సంగతి ఇంకా సున్నితమైనది. అమెజాన్‌కు చెందిన రింగ్ కెమెరాల సంస్థలో సిబ్బంది వినియోగదారుల వీడియోలను అడ్డూ అదుపూ లేకుండా చూడగలిగేవారని, 2017లో ఒక ఉద్యోగి పడక గదులు, స్నానపు గదులలోని మహిళల వీడియోలను వేల సంఖ్యలో చూశాడని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. ఆ వ్యవహారంలో రింగ్ సంస్థ 58 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. పిల్లల గొంతు రికార్డింగులను తొలగించకుండా అట్టే ఉంచుకుందన్న అభియోగంపై అమెజాన్ అదే ఏడాది 2 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే సంస్థ కెమెరాలు వాడే సుమారు 13,000 మందికి తమ ఫోన్లలో పరాయి ఇళ్ళ దృశ్యాలు కనిపించాయి. అక్కడ దొంగ ఎవరూ లేడు. సంస్థ వ్యవస్థలోనే లోపం తలెత్తింది.

ఇవన్నీ సముద్రాలకు ఆవల జరిగినవే కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు, వైద్యపరీక్ష వేళ మహిళలు కనిపించే దృశ్యాలతో సహా, ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. ఎవరైనా ఊహించగల తేలికపాటి పాస్‌వర్డును మార్చకుండా వదిలేయడమే దొంగలకు దారి చూపిందని వార్తలు వెలువడ్డాయి. మన ఊళ్ళలో ఇంటికి కెమెరా అమర్చే కుర్రవాడు చాలాసార్లు తన ఫోన్లోనే యాప్ తెరిచి, తానే పాస్‌వర్డు పెట్టి, పని ముగించి వెళ్ళిపోతాడు. యజమాని దానిని మార్చుకోడు. ఇంటి తాళంచెవిని అమర్చినవాడి జేబులోనే వదిలేయడం లాంటిదే ఇది.

సొంతవారి చూపు

అయితే కంపెనీలు, దొంగల కన్నా ఎక్కువగా ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. ఇంటివారి మీద ఇంటివారే నిలిపిన చూపు అది.

నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల నుంచి, అటు కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరో సోదరులు గల్ఫ్ దేశాలలో శ్రమిస్తున్నారు. ఏళ్ళ తరబడి బిడ్డల ముఖాలు చూడలేని తండ్రికి ఇంట్లో ఒక కెమెరా ఉండాలనిపించడం సహజం. ఆ ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. కానీ మా మదరసాకు బిడ్డను దింపడానికి వచ్చే ఒక సోదరి తెర వెనుక నుంచి అడిగిన ప్రశ్న నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. “మౌలానా, మావారు గల్ఫ్‌లో ఉంటారు. హాల్లో కెమెరా పెట్టించారు. ఆయన చూస్తే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ అదే యాప్ మా మరిది ఫోన్లో కూడా ఉంది. ఇక నేను ఇంట్లో తల మీద కొంగు ఎప్పుడు దించుకోవాలి?”

పర్దా విధించిన షరీఅత్తే స్త్రీకి తన ఇంట్లో స్వేచ్ఛగా మసలే హక్కును కూడా ఇచ్చింది. బయట కప్పుకొన్నది లోపల దించుకోవడానికే ఇల్లు. ఆ సోదరికి ఇంటిలోపల కూడా వీధి మొదలైంది. భర్త సోదరుల విషయంలో దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో మనకు తెలుసు. మరిది ఆ గదిలోకి వచ్చేటప్పుడు కనీసం గొంతు సవరించుకుని వస్తాడు. ఫోన్ తెర మీద చూసేటప్పుడు ఆ చప్పుడు కూడా వినిపించదు. ఆమె అనుమతితో నేనే ఆ భర్తకు కబురు పంపాను. కెమెరాను వీధి గుమ్మం వైపుకు మార్పించమని, తమ్ముడి ఫోన్ నుంచి యాప్ తీయించమని చెప్పాను. “వాడు ఇంటివాడే కదా మౌలానా, పరాయివాడనుకోలేదు” అన్నారాయన. తరువాత నా మాట మన్నించారు. తమ్ముడి మీద ఆయనకున్న నమ్మకం మంచిదే. అయితే ఆ నమ్మకం ఆయనది, మరుగు ఆమెది. ఒకరి మరుగును మరొకరి నమ్మకం మీద తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

చూసేవాడు భర్తే అయినా మరో ప్రశ్న మిగులుతుంది. అతను ఏమి వెదుకుతున్నాడు? ప్రయాణం నుంచి తిరిగి వచ్చే వ్యక్తి ముందుగా తెలియజేయకుండా రాత్రివేళ హఠాత్తుగా ఇంటికి చేరి, భార్యలో లోపాలు వెదకడాన్ని దైవప్రవక్త (స) వారించారు. దూరదేశంలో కూర్చుని అర్ధరాత్రి యాప్ తెరిచి, ఆమె ఎవరితో మాట్లాడింది, ఎప్పుడు బయటకు వెళ్ళింది అని లెక్కలు చూసుకునేవాడు ఆ వారింపు పరిధిలోకి రాడా? అనుమానాలకు దూరంగా ఉండమనీ, ఒకరి గుట్టు మరొకరు కూపీ తీయవద్దనీ సూరా హుజురాత్ 12వ ఆయత్ ఒకే చోట ఆదేశించింది. అనుమానం పుడితే కూపీ మొదలవుతుంది. ప్రతి కూపీ మరో అనుమానానికి జన్మనిస్తుంది. ఆ వలయంలో పడిన కాపురాలు కెమెరాలతో నిలబడవు.

అత్తగారు కోడలి మీద, కోడలు అత్తగారి మీద, యజమానురాలు పనిమనిషి మీద పెట్టే రహస్య కెమెరాలకు కూడా ఇదే వర్తిస్తుంది. పసిబిడ్డను అప్పగించి వెళ్ళే తల్లికి భయం ఉండవచ్చు. అలాంటప్పుడు, “అమ్మా, ఈ గదిలో కెమెరా ఉంది” అని పనిమనిషికి ముందే చెప్పడంలో బిడ్డకు జరిగే నష్టమేమీ లేదు. చెబితే అది కాపలా, దాస్తే గూఢచర్యం.

చట్టం ఎంతవరకు వస్తుంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అది కంపెనీలకు బాధ్యతలు విధిస్తుంది. 18 ఏళ్ళు నిండని పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. కానీ ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాల కోసం వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. కంపెనీని నిలదీసే ఆ చట్టం గడప దగ్గర ఆగిపోతుంది.

న్యాయస్థానాలు మాత్రం గడప లోపలికి కూడా తొంగిచూడక తప్పలేదు. ఒకే ఇంట్లో నివసిస్తున్న సోదరుల వివాదంలో, తోటి నివాసి సమ్మతి లేకుండా నివాస భాగంలో సీసీ కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. దానిపై వచ్చిన అప్పీలును సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. స్త్రీ ఏకాంతంగా ఉన్న వేళ రహస్యంగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం జైలుశిక్ష పడే నేరం. అయినా ప్రతి ఇంటి విషయం కోర్టుకు ఎక్కదు, ఎక్కకూడదు కూడా. చట్టం ఆగిన చోట ఇంటి మర్యాద పనిచేయాలి.

ఇంటికి కొన్ని మర్యాదలు

పరికరం కొనేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని సంప్రదించుకోవాలి. ఒక్కరు ఇబ్బందిపడినా ఆ గదిలో దానిని పెట్టకూడదు. ముఖ్యంగా ఇంట్లో గొంతెత్తి చెప్పలేని కోడలిని, వృద్ధులను, ఎదిగిన ఆడపిల్లలను ప్రత్యేకంగా అడగాలి. వారి మౌనాన్ని సమ్మతిగా లెక్కించకూడదు.

కెమెరా స్థానం గేటు, వీధి గుమ్మం, మెట్లు. పడక గది, స్నానపు గది, దుస్తులు మార్చుకునే చోటు, ఆడవారు కూర్చునే చోటు దానికి నిషిద్ధ స్థలాలు. అపార్టుమెంట్లలో ఎదురింటి తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లోపలి హాలును చిత్రీకరించే డోర్‌బెల్ కెమెరాలు కనిపిస్తున్నాయి. తలుపుకు పక్కగా నిలబడిన ప్రవక్త (స) సంప్రదాయాన్ని అనుసరించేవారు తమ కెమెరాను కూడా పక్కకు తిప్పుకోవాలి.

ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత ఇంట్లోని పిల్లలు, సేవకులు కూడా అనుమతి తీసుకునే గదిలోకి రావాలని సూరా నూర్ 58వ ఆయత్ నిర్దేశించింది. యుక్తవయసు రాని సొంత బిడ్డకే లేని వెసులుబాటును యంత్రానికి ఇవ్వడం తగదు. ఆ వేళల్లో స్పీకరు మైకును దానిపై ఉన్న బొత్తాముతో ఆపివేయాలి.

నలుగురు కూడిన చోట పలికిన మాటలు అమానతు. బంధువుల మధ్య పెళ్ళి సంబంధం ప్రస్తావనకు వచ్చినప్పుడు, ఎవరైనా తమ కష్టం చెప్పుకోవడానికి వచ్చినప్పుడు స్పీకరును ఆపివేయడం ఆతిథ్యంలో భాగం. ఇంట్లో కెమెరా ఉంటే వచ్చినవారికి ఆ మాట ముందే చెప్పాలి.

కెమెరా అమర్చిన రోజే పాస్‌వర్డు మార్చాలి. ఫోనుకు వచ్చే సంఖ్యతో ధ్రువీకరించే రెండో తాళం ఉంటే అదీ వేసుకోవాలి. యాప్ ఎవరెవరి ఫోన్లలో ఉందో నెలకొకసారి చూసుకోవాలి. స్పీకరు దాచుకున్న పాత రికార్డింగులను దాని యాప్‌లోకి వెళ్ళి తొలగించవచ్చు. పాత ఫోనును, పాత కెమెరాను అమ్మేముందు అందులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయాలి. ఇంటర్నెట్ ఆధారిత సీసీ కెమెరాలకు మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. చౌకగా దొరికిందని ఊరూపేరూ లేని సరుకు కొనకుండా, ధ్రువీకరణ ఉందో లేదో దుకాణదారుణ్ణి అడగాలి.

తోటివారి లోపాలను కప్పిపుచ్చేవారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పిపుచ్చుతాడన్న శుభవార్త హదీసులలో ఉంది. మన ఇంటిలో నివసించే వారి మరుగును కాపాడడం ఆ పుణ్యంలో మొదటి మెట్టు. ఇంటిలోపల ఏమి అమర్చుకున్నా, అందులో ఉండే ప్రతి ఒక్కరూ తలుపు మూసుకున్నాక నిశ్చింతగా ఊపిరి పీల్చుకోగలిగితే అది ఇల్లు. అలాంటి ఇళ్ళను నిలుపుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.